ఫలానావారి భార్య

ఎన్నికలొచ్చాయంటే దెందులూరు చుట్టుపక్కల ఊళ్ళలో టీ కొట్ల బల్లలకు తీరిక ఉండదు. ఒక్క పేపర్ని నలుగురూ నాలుగు ముక్కలుగా పంచుకుంటారు. ఏ పేటలో ఎవరికి ఎన్ని ఓట్లో వేళ్ళ మీద లెక్కగట్టేస్తారు. మెజారిటీ మీద పందేలు కాసే ధీరులూ ఉంటారు. ఇదంతా చూసి పైవాళ్ళు "అబ్బ, ఈ జిల్లాల జనానికి ఎంత రాజకీయ చైతన్యం!" అని ముక్కున వేలేసుకుంటారు. ఆ బల్లల మీద ఒక్క ఆడమనిషైనా లేదన్న సంగతి మాత్రం ఎవరికీ ఆశ్చర్యం కలిగించదు.

మరి ఆడవాళ్ళకు రాజకీయాలు పట్టవా? పట్టకేం! పింఛను ఎప్పుడు పెరిగిందో, గ్యాసు బండ ధర ఎవరి హయాంలో ఎంతో, డ్వాక్రా అప్పు ఎవరు మాఫీ చేస్తామన్నారో, తీరా ఎంత చేశారో అన్నీ వాళ్ళ నాలుక చివరే ఉంటాయి. కాకపోతే ఆ చర్చ పెరట్లో, కుళాయి దగ్గర, బియ్యంలో రాళ్ళేరుకుంటూ జరుగుతుంది. పేపరుకెక్కదు. కంటికి కనపడని ఈ రాజకీయానికీ ఓ చరిత్ర ఉంది. చెప్పాలంటే అదంతా ఒక పేరు కథ.

మన పెళ్ళిళ్ళలో కొత్తకోడలిని గుమ్మంలో నిలబెట్టి మొగుడి పేరు చెప్పించడం ఓ ముచ్చట. ఆ ఒక్క పూటా తప్పిస్తే పాతకాలపు ఇల్లాలు భర్త పేరు పలికేది కాదు. ఆమె పేరు మాత్రం ఎవరు పలికారు గనక? అత్తవారింట్లో "పెద్దకోడలు", పిల్లలు పుట్టాక "ఫలానా అబ్బాయి తల్లి", చుట్టాల్లో "గుండుగొలను అత్తయ్య", "దెందులూరు పిన్ని". పుట్టింటి ఊరి పేరైనా మిగిలింది గానీ, సొంత పేరు బారసాలనాడు బియ్యంలో రాసిన దగ్గరే ఆగిపోయేది.

దెందులూరికి దగ్గర్లోనే ఉన్న పెదవేగి ఒకప్పటి వేంగి. శాలంకాయనులు, తర్వాత తూర్పు చాళుక్యులు ఏలిన రాజధాని. అక్కడ రాజు మారితే జనాన్ని అడిగే పని లేదు. జనాన్ని అడిగే పద్ధతి ఈ నేలకొచ్చి నూరేళ్ళ పైచిలుకు, అంతే. అదీ అందరికీ ఒక్కసారి రాలేదు.

1920లో మద్రాసు రాష్ట్ర శాసనమండలికి ఎన్నికలు జరిగినప్పుడు ఓటు ఆస్తిపరులైన మగవాళ్ళది. మన కోస్తా జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే. 1921లో అదే మండలి, ఆస్తి ఉంటే ఆడవాళ్ళూ ఓటు వెయ్యవచ్చని తీర్మానించింది. బ్రిటిషు ఇండియా రాష్ట్రాల్లో ఆ మాట మొదట అన్నది మద్రాసే. సంతోషమే! కానీ ఆ రోజుల్లో ఆడవాళ్ళ పేరున ఎకరాలెక్కడివి? మెళ్ళో నాలుగు కాసులూ, పసుపుకుంకాల కింద పుట్టింటివారిచ్చిన కాస్త ముక్కా. దానికి ఓటు రాదు.

అందుకని 1935 చట్టంలో ఇంకో దారి తీశారు. చదువొచ్చిన స్త్రీకి ఓటు. భర్తకు తగినంత ఆస్తి ఉంటే భార్యకూ ఓటు. అలా 1937 ఎన్నికల్లో చాలామంది ఇల్లాళ్ళు "ఫలానావారి భార్య" హోదాలో మొదటిసారి ఓటర్లయ్యారు. మొగుడు పోతే ఆస్తి జ్ఞాతులకు పోవచ్చునన్న కాలంలో, ఓటైనా అతని ఆస్తి నీడనే దక్కిందన్నమాట.

స్వతంత్రం వచ్చింది. 21 ఏళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఓటన్నారు. 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు. దేశం మొత్తం మీద 17 కోట్ల పైచిలుకు ఓటర్లు. జాబితా రాసే ఉద్యోగులు ఇంటింటికీ తిరిగి పేర్లడిగారు. ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో లక్షలమంది స్త్రీలు పరాయి మగవాడికి తమ పేరు చెప్పనన్నారు. ఫలానావారి భార్యననీ, ఫలానావారి కూతురిననీ రాయించారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అందుకు ఒప్పుకోలేదు. ఓటరంటే ఓ పేరున్న మనిషి, ఒకరి తాలూకు కాదన్నాడు. సొంత పేరు చెప్పని సుమారు 28 లక్షలమంది స్త్రీల ఎంట్రీలు కొట్టేశారు.

పద్నాలుగేళ్ళ కిందట "ఫలానావారి భార్య" అయినందుకే ఓటిచ్చారు. ఇప్పుడు అదే మాట అన్నందుకు ఓటు తీసేశారు. ఆ 28 లక్షలమందిని తలుచుకుంటే నాకు జాలి వేస్తుంది గానీ, సేన్ చేసింది తప్పనిపించదు. ఆ కొట్టివేతతోనే దేశంలో ఆడదాని పేరుకు మొదటిసారి ఓ విలువ వచ్చింది.

ఆ ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె. పెట్టె మీద గుర్తు. కాడెద్దుల పెట్టెలోనో, కంకీ కొడవలీ పెట్టెలోనో కాగితం వేసి రావడమే, చదువక్కర్లేదు. చదువు లేకపోతేనేం, బుద్ధి లేదా? అంతకుముందే, 1940లలో మోటూరు ఉదయం వంటి స్త్రీలు జట్టుకట్టి వేదికలెక్కి బుర్రకథలు చెప్పారు. ఆడవాళ్ళు కథ చెప్పడమేమిటని విడ్డూరంగా చూడడానికొచ్చినవాళ్ళే కథ విని వెళ్ళారు.

1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చింది. మరుసటి ఏడు నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955 ఎన్నికలొచ్చాయి. కమ్యూనిస్టులు గెలుస్తారని ఎందరో అనుకుంటే, కాంగ్రెస్ కూటమికి 196లో 146 స్థానాలూ, వాళ్ళకు 15 స్థానాలూ వచ్చాయి. టీ కొట్టు లెక్కలు తారుమారు కావడం అప్పటినుంచీ ఉందన్నమాట.

ఆ వేడిలోంచి ఏలూరు ఓ అపురూపమైన పని చేసింది. 1957లో లోక్‌సభకు మోతే వేదకుమారిని పంపింది. ఆవిడ కాంగ్రెస్. 1962లో వీరమాచనేని విమలాదేవిని పంపింది. ఆవిడ కమ్యూనిస్టు. పార్టీలు ఉప్పూ నిప్పూ. పంపిన ఊరు ఒకటే, పంపినది రెండుసార్లూ ఆడమనిషినే. అభ్యర్థికో పెట్టె పద్ధతి పోయి, అందరి పేర్లూ గుర్తులూ ఒకే కాగితం మీద అచ్చువేసి ముద్ర వెయ్యమన్న మొదటి సార్వత్రిక ఎన్నికలు ఆ 1962వే. పేరు చెప్పుకోడానికి సిగ్గుపడ్డ దేశంలో పదేళ్ళు తిరిగేసరికి విమలాదేవి పేరు బ్యాలెట్ కాగితం మీద చదువుకున్నారు ఏలూరు జనం!

తర్వాత కథ మీకు తెలిసిందే. 1983లో రామారావుగారు చైతన్యరథమెక్కి "ఆడపడుచులు" అని పిలిస్తే, చంటిపిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారు. సినిమా హీరోని చూడ్డానికొచ్చారని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. 1986లో ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఆయన ప్రభుత్వం చట్టం చేసింది. దేశం మొత్తానికి అలాంటి చట్టం వచ్చేసరికి 2005 అయింది. రోడ్డు మీద నిలబడినందుకు దక్కింది తక్కువేం కాదు.

అయితే అసలు పాఠం ఎన్నికలు లేని రోజుల్లో నెల్లూరు జిల్లా దూబగుంట చెప్పింది. అక్షరాస్యత కార్యక్రమం పెడితే ఆడవాళ్ళు రాత్రిబడికెళ్ళి తమ పేరు తాము రాయడం నేర్చారు. ఆ పలకతోనే 1992లో సారా కొట్ల మీదికి వెళ్ళారు. ఏ పార్టీ పిలవలేదు, ఏ లారీ రాలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1994 డిసెంబరులో రామారావుగారు మళ్ళీ ముఖ్యమంత్రి కాగానే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1997లో అదీ సడలించారనుకోండి. కానీ ఎన్నికల్లో ఏం మాట్లాడాలో నాయకులకు నేర్పింది మాత్రం ఆ పేరు రాయడం నేర్చిన చేతులే.

మన కొల్లేటి సంగతే చూడండి. గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక వంటి లంక గ్రామాలు ఇప్పుడు దెందులూరు నియోజకవర్గంలోవే. 1999లో అయిదో కాంటూరు వరకూ సరస్సును పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ హద్దులో ఉన్న చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలి, నిజమే. చెరువు మీద బతికే ఇల్లూ బతకాలి. అందుకే బడి మొహం చూడని ముసలమ్మ కూడా అక్కడ "అయిదో కాంటూరా, మూడో కాంటూరా?" అని అడుగుతుంది. కాంటూరంటే సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తనే లెక్క. కాలేజీలో చదువుకున్నవాళ్ళం మనలో ఎంతమందికి తెలుసు? కంచంలోకి వచ్చిన రాజకీయాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు.

పంచాయతీల్లో 1993 రాజ్యాంగ సవరణతో మూడో వంతూ, తర్వాత మన రాష్ట్ర చట్టంతో సగమూ సీట్లు స్త్రీలకొచ్చాయి. బాగుంది. కానీ చాలా ఊళ్ళలో ఫ్లెక్సీ మీద చూడండి: సర్పంచిగారి బొమ్మ పక్కన అంతకన్నా పెద్దదిగా వారి భర్తగారి బొమ్మ. ఆఫీసుకొచ్చేదీ ఆయనే, "సర్పంచిగారూ" అంటే పలికేదీ ఆయనే. ఓటర్ల జాబితాలోంచి కొట్టేసిన "ఫలానావారి భార్య" ఇలా కుర్చీ ఎక్కి మళ్ళీ వచ్చింది!

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం పోలింగు జరిగింది. హైదరాబాదు నుంచి బస్సుల్లో నిలబడి వచ్చి మరీ ఓట్లేశారు. జాబితాలో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువ. ఇంతకన్నా ఆసక్తి ఏం కావాలి? కానీ 1967 నుంచి 2024 వరకూ 15 సార్వత్రిక ఎన్నికలు జరిగితే, ఏలూరు నుంచి లోక్‌సభకు మళ్ళీ ఒక్క స్త్రీ కూడా వెళ్ళలేదు. నిలబడే ఓపిక మనది, నిలబెట్టే నిర్ణయం వాళ్ళది. మనం క్యూలో నిలబడ్డాం, వాళ్ళు మగవాళ్ళని పోటీలో నిలబెట్టారు.

2023లో చట్టసభల్లో స్త్రీలకు మూడో వంతు సీట్లిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. జనగణన, తర్వాత నియోజకవర్గాల పునర్విభజన, ఆ తర్వాతే అమలని అందులోనే షరతు పెట్టింది. అంతవరకూ చేతులు కట్టుకు కూర్చోవాలని మాత్రం ఏ చట్టంలోనూ రాయలేదు. ఏలూరు ఆ రెండుసార్లూ రిజర్వేషను చూసుకుని పంపలేదు.

ఓటరు చీటీ పట్టుకుని గుమ్మంలోకొచ్చిన కుర్రాడిని "మీ పార్టీ తరఫున ఆడవాళ్ళెంతమందిని నిలబెట్టారు బాబూ?" అని అడగడానికి టీ కొట్టు బల్ల ఎక్కక్కర్లేదు. నిలబెట్టారే అనుకోండి, "ఎవరండీ ఆవిడ?" అని పక్కింటి పిన్నిగారు అడిగితే, ఫలానావారి భార్య అనకుండా ఆవిడ పేరేదో చెబుదాం.