శకుని పగ : శ్రీకృష్ణపాండవీయ చిత్ర విమర్శ

శకుని పాచికలు వాని తండ్రి యెముకలతోఁ జేయఁబడిన వనియు, కురువంశనాశమే వాని జీవితవ్రత మనియుఁ దెలుఁగునాట బాలురు సయితము చెప్పుదురు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పాఠశాలలలో సభాపర్వకథ చెప్పు పండితునకు విద్యార్థుల నుండి "ఆ యెముకల కథ యెచట నున్న" దను ప్రశ్న తఱచుగా వచ్చును. వ్యాసభారతమున నది లేదు; కవిత్రయభారతమునను లేదు. మఱి యింతటి ప్రసిద్ధి యెట్లు కలిగె నని విచారింపఁగా, 1966 జనవరి 13వ తేదీన విడుదలయైన "శ్రీకృష్ణపాండవీయము" అను చలనచిత్రము ప్రధానకారణముగాఁ దోఁచుచున్నది. ప్రధానపాత్రధారియే దర్శకుఁడై నిర్వహించిన పగకథ యిది. పౌరాణికమను పేరు దీనికిఁ జెల్లినను, శకుని వృత్తాంతమున నిది ప్రతీకారచిత్రమే. దాని మూలమును, గుణదోషములను ఇందు విచారింతము.

ఈ చిత్రమునకు దర్శకుఁడు నందమూరి తారకరామారావు. కృష్ణ దుర్యోధన పాత్రలు రెండును ఆయనయే ధరించెను. శకుని పాత్రను ధూళిపాళ సీతారామశాస్త్రి ధరించెను. శకుని కథాసారము సంగ్రహముగా నిట్టిది. తన తల్లి వివాహమును గూర్చి కలిగిన యవమానమును సహింపఁజాలక దుర్యోధనుఁడు మాతామహుని, మేనమామలను జెఱలో వేయించును. వారికిఁ బెట్టు తిండి ప్రాణము నిలుపుటకుఁ జాలదు. అందఱును జచ్చుటకంటె నొక్కఁడు బ్రదికి పగ తీర్చుట మేలని తలఁచి, తమ మెతుకులను శకునికే యిచ్చి తక్కినవా రాఁకలిచేఁ బ్రాణములు విడుతురు. తండ్రి యెముకలు కొడుకు చేతఁ బాచికలగును. పిమ్మట శకుని దుర్యోధనునకు హితుఁడుగా నటించుచు వానిని వినాశమార్గమున నడిపించును.

కథ హృదయవిదారకమే. కాని వ్యాసుని వచనములతో నిది పొసఁగదు. ఆదిపర్వమున భీష్ముఁడు గాంధారిని ధృతరాష్ట్రునకై యడిగింపఁగా, సుబలుఁడు వరుని యంధత్వమును గూర్చి యాలోచించి, కులఖ్యాతులను జూచి యంగీకరించెను. శకుని తానే చెల్లెలిని హస్తినాపురమునకుఁ దోడ్కొని వచ్చి, వివాహము నడపి, సత్కారములంది తన నగరమునకు మరలి పోయెను. ఇందు దాఁపఁదగిన రహస్య మేదియు లేదు.

అంతకంటె బలవత్తరమైన ప్రమాణము సభాపర్వమునఁ గలదు. ధర్మరాజు రాజసూయమునకు వచ్చిన రాజులలో గాంధారరాజగు సుబలుఁడును, శకునియుఁ గూడఁ బేర్కొనఁబడిరి. రాజసూయమైన పిమ్మటనే కదా ద్యూతము! అప్పటికి సజీవుఁడై యజ్ఞమును జూడవచ్చిన సుబలుఁడు దుర్యోధనుని చెఱలో మరణించె ననుట యెట్లు? సోదరుల సంగతియు నట్టిదే. శకుని తమ్ములు భీష్మపర్వమున నర్జునుని కొడుకగు నిరావంతునితోఁ బోరిరి. వృషకాచలు లను సోదరులను ద్రోణపర్వమున నర్జునుఁడు వధించెను. శకునియు, వాని కుమారుఁ డులూకుఁడును శల్యపర్వమున సహదేవునిచేఁ గూలిరి. చెఱలో నశించినవారు రణమున మరల నశింపరు గదా!

కావున నిది వ్యాసకథ గాదు. కాని చిత్రకారుల నూత్నకల్పన యనుటయు సరిగాదు. 15వ శతాబ్దమునాఁటి యుత్కళకవి సారళాదాసు తన మహాభారతమున నీ చెఱకథను జెప్పెను. నోటిమాటగా నది తెలుఁగు జానపదుల కథలలోను వ్యాపించి యున్నది. తెలుఁగువా రొక్క వ్యాసభారతమునకే కట్టువడి యుండ లేదు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రకవి 15వ శతాబ్దమున జైమినిభారతమును దెలుఁగు చేసెను. ఆతని యింటిపేరి యూరు సూర్యాపేట చెంతనే కాకతీయుల నాఁటి యాలయములతో నలరారుచున్నది. ఆ జైమినిభారతమునఁ గల చంద్రహాసాదుల కథలు వ్యాసభారతమున లేవు. ఐనను లోకము వానిని భారతకథలుగానే యాదరించినది. అందుచే "మూలమున లేదు" అను మాత్రమున నొక కథ దూష్యము గాదు. అది కథకు నేమి చేసినది యని చూడవలయును.

ఇందు శబ్దవిచారము కొంత తోడ్పడును. "పగ" దేశ్యము. "వైరము" వీరశబ్దమునుండి పుట్టినది. వీరుల ధర్మ మని దాని యర్థము. "ప్రతీకార" శబ్దమున ప్రతిపూర్వకమైన కృఞ్ ధాతువునకు ఘఞ్ ప్రత్యయము వచ్చి, పాణినీయముచే నుపసర్గాంతమునకు దీర్ఘము కలిగినది. ఈ పదము పగ తీర్చుటకును, రోగమునకుఁ జేయు చికిత్సకును సమానముగాఁ జెల్లును. పగ యొక వ్యాధికి మందనియే తలఁచి జనులు దాని నాశ్రయింతురు. భారతమున నీ మందు వ్యాధిని మాన్పకపోఁగాఁ బెంచినది. భీముఁడు సభలో నందఱు వినఁగాఁ బ్రతినలు పట్టెను. అవి రణమున నెఱవేఱెను. భట్టనారాయణుఁడు వేణీసంహారమున నా ప్రతినలనే నాటకముగా మలిచెను. తండ్రి పగ తీర్చఁబూనిన యశ్వత్థామ రాత్రివేళ నిద్రించువారిని జంపి ద్రౌపదేయుల ప్రాణములు గొనెను. అంతటితో నాఁగక యాతని యస్త్ర ముత్తర గర్భముమీఁదికిఁ బోయెను.

భీమాశ్వత్థామల పగ బహిరంగము. చిత్రములోని శకుని పగ గూఢము. ఈ భేదమే కథయొక్క బరువును మార్చినది. వ్యాసుని సభాపర్వమున ద్యూతమునకు మూలము దుర్యోధనుని యసూయ. మయసభావైభవమును జూచి కుమిలిన వాఁడు తానే శకుని యెదుట దన బాధను వెళ్లఁబోసికొనెను. శకుని తన జూదపు నేర్పును వానికిఁ దోడు చేసెను. ధృతరాష్ట్రుఁడు పుత్రవ్యామోహమున ననుజ్ఞ యిచ్చెను. దోషము మువ్వురిదియు. చిత్రకథలో దుర్యోధనుఁడు తాను జేసిన క్రౌర్యమునకు ఫల మనుభవించుచున్నను, ద్యూతమునాఁటికి వాఁడు మోసగాఁ డగుటకంటె మోసపోయినవాఁ డగుచున్నాఁడు. ధృతరాష్ట్రుని యపరాధము మఱుఁగునఁ బడుచున్నది.

దర్శకుఁడే దుర్యోధనపాత్రధారి యగుట యిట విచార్యము. ఆయన తొలుత దర్శకత్వము వహించిన సీతారామకల్యాణమున (1961) ధరించినది రావణపాత్ర. ఆ చిత్రమున దర్శకుని పేరు తెరపైఁ జూపఁబడలేదు. తరువాత 1977లో దానవీరశూరకర్ణను నిర్మించి, దర్శకత్వము వహించి, కర్ణ సుయోధన కృష్ణ పాత్రలు మూఁడును ధరించెను. ప్రతినాయకునకు గౌరవము కలిగింపవలె నను పట్టుదల యీ మూఁడింటను గనఁబడును. ఇది శాస్త్రవిరుద్ధము గాదు. శత్రువుయొక్క వంశవీర్యాదులను వర్ణించి వానిని గెలిచిన నాయకుని యుత్కర్షను జెప్పుట మెచ్చఁదగిన దని దండి కావ్యాదర్శమునఁ జెప్పెను. కాని దండి కోరినది శత్రువు ఘనత. వాని యపరాధ మొకింతయైనను పరునిపైఁ బడవలె నని యాతఁడు కోరలేదు.

ధూళిపాళ యభినయమును గూర్చి యొక మాట చెప్పక తప్పదు. చిఱునవ్వు వెనుకఁ జెఱసాల చీఁకటిని దాఁచిన యా శకునిని జూచినవాఁడు మఱవఁజాలఁడు. అందుచేతనే గ్రంథములోని శకుని మఱుఁగుపడి, తెరమీఁది శకుని లోకమున నిలిచెను. నేఁటి ప్రతీకారచిత్రములలోఁ గథ నడుమఁ బూర్వవృత్తాంతముఁ జూపి నాయకుని హింసకు సమర్థనము కూర్చుట పరిపాటి. శకునికిఁ జేయఁబడినది యదియే.

కావున బోధించువారు రెండు కథలను రెండుగానే చెప్పవలయును. ఎముకల పాచికలు జానపదకథా సంపదలోనివి. వానిని బరిహసింపఁ బని లేదు. వ్యాసుని పాచికలకు మాత్రమే యెముకలును అక్కఱ లేదు, పూర్వవైరమును అక్కఱ లేదు. ఒకని యసూయ, ఒకని నేర్పు, ఒకని మౌనము చాలినవి. కుటుంబములు నశించుటకు వెలుపలి శత్రు వుండి తీరవలె నను భ్రమను వ్యాసుఁడు పోఁగొట్టును. ఆ పాఠము విద్యార్థికిఁ దప్పిపోకుండఁ జూచుటయే మన పని.