పెయింటర్ల వృత్తి అనుభవ గుర్తింపు

పెయింటర్ల వృత్తి అనుభవ గుర్తింపు అనగా, శిక్షణాలయంలో చదవకుండా పనిచేస్తూనే రంగులు వేయుట నేర్చుకొన్న కార్మికుని నైపుణ్యాన్ని ఆధారాల ద్వారాను, పరీక్ష ద్వారాను నిర్ధారించి అధికారిక ధ్రువపత్రము ఇచ్చు పద్ధతి. దీనిని పూర్వాభ్యసన గుర్తింపు అనియు, వాడుకలో ఆర్.పి.ఎల్. అనియు అందురు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2004లో ఆమోదించిన 195వ సిఫారసు ఇటువంటి గుర్తింపును ప్రోత్సహించినది. తెలంగాణ రాష్ట్రంలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి గల్ఫ్ వలస ప్రాంతాలకు ఈ విషయము మిక్కిలి ముఖ్యమైనది.

నేపథ్యము

కామారెడ్డి పట్టణము 44వ నెంబరు జాతీయ రహదారిపై ఉన్నది. ఎల్లారెడ్డి అదే జిల్లాలోని రెవెన్యూ డివిజను కేంద్రము. ఈ ప్రాంతంలో రంగుల పనిని సాధారణంగా మేస్త్రీ వెంట తిరిగి నేర్చుకొందురు. మొదట గోడలు గీకుట, కాగితంతో రుద్దుట, తరువాత లప్పము పెట్టుట, చివరకు బ్రష్షు, రోలరు పట్టుట అను క్రమంలో పని అబ్బును. అడ్డా మీద కుదిరిన పనికి కూలి చేతికే అందును గనుక, ఇరువది యేండ్లు పనిచేసినవారి వద్ద కూడా అందుకు తగిన కాగితము ఉండదు.

కాగితము లేకపోవుట వలన నిపుణుడైన పనివాడు సహాయకుని కూలికే ఒప్పుకొనవలసి వచ్చును. విదేశీ ఉద్యోగంలో హెల్పరు హోదాతో వీసా పొంది, పెయింటరు పని చేయవలసిన పరిస్థితి ఏర్పడును.

గుర్తింపు మార్గములు

ఐ.టి.ఐ.లలో పెయింటర్ జనరల్ కోర్సు కాలవ్యవధి 2 సంవత్సరములు. కుటుంబ భారము గలవారు పని మానుకొని అంతకాలము చదువుట కష్టము. 2013 డిసెంబరు 27న ప్రకటించిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రము, పని ద్వారా నేర్చిన విద్యకు కూడా స్థాయిని నిర్ణయించుటకు వీలు కల్పించినది. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఆర్.పి.ఎల్. ఒక భాగము. ఈ పథకము నాల్గవ విడతలో ఆర్.పి.ఎల్.కు 18 నుండి 59 సంవత్సరముల వయసు వారిని అర్హులుగా నిర్ణయించారు. నైపుణ్య పథకాలను 2026 మార్చి వరకు కొనసాగించుటకు కేంద్ర మంత్రివర్గము 2025 ఫిబ్రవరిలో ఆమోదము తెలిపినది.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు కావడం వేరొక మార్గము. ఇది నైపుణ్య ధ్రువపత్రము కాదు. కాని పనిచేసినట్లు ప్రభుత్వ రికార్డులో నిలుచు ఆధారము. 18 ఏండ్లు నిండి 60 ఏండ్లు నిండనివారు, గడచిన 12 నెలలలో కనీసము 90 రోజులు నిర్మాణ పని చేసియుండవలెను. 1996 నాటి చట్టంలోని ఈ నియమము, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోను కొనసాగినది.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకము 18 వృత్తులకు వర్తించును. వాటిలో తాపీమేస్త్రీ పని ఉన్నది గాని, ఇంటి రంగుల పని లేదు.

సేకరించవలసిన ఆధారములు

* మేస్త్రీ లేదా గుత్తేదారు ఇచ్చిన లేఖ. ఇందులో ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఏ భవనంలో, ఏ పని చేసినదీ వ్రాయించవలెను. "మంచి పనివాడు" అను పొగడ్త కన్న ఈ వివరములే విలువైనవి.
* ఇంటి యజమానుల లేఖలు, ఒప్పంద పత్రములు.
* రంగుల దుకాణము రసీదులు, రంగుల కంపెనీలు ఇచ్చిన శిక్షణ పత్రములు.
* బ్యాంకు పాసుపుస్తకము, ఫోను ద్వారా జరిగిన చెల్లింపుల వివరములు.
* పనికి ముందు, మధ్యలో, తరువాత తీసిన ఛాయాచిత్రములు. పనిచేయుచున్న వ్యక్తి అందులో కనిపించుట మేలు.
* గల్ఫ్ నుండి తిరిగివచ్చినవారికి ఉద్యోగ ఒప్పందము, జీతపు చీటీలు, కంపెనీ అనుభవ పత్రము, వీసా ముద్రలున్న పాత పాస్‌పోర్టు.

వీటిని సంవత్సరముల వారీగా అమర్చి, నకళ్ళు తీసి ఉంచుకొనవలెను. ఆస్ట్రేలియాలో వృత్తి నైపుణ్యాలను మదింపు చేయు ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా సంస్థ కూడా యజమాని లేఖతోపాటు జీతపు చీటీలు, పన్ను లేదా బ్యాంకు పత్రముల వంటి ఆధారములు కోరును. కావున విదేశములకు వెళ్ళదలచినవారు చెల్లింపుల ఆధారములను విడువరాదు.

పేర్లు, చిరునామాలలో తేడాలు

ఒక పత్రములో ఇంటిపేరు పూర్తిగాను, మరొకదానిలో పొడి అక్షరముగాను ఉండుట తెలుగువారిలో సాధారణము. ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతాలలోని పేరు ఒకే విధముగా ఉండునట్లు ముందే సరిచేయించుకొనవలెను.

జిల్లా పేరులోను తేడా వచ్చును. 2014 జూన్ 2కు పూర్వపు పత్రములలో ఎల్లారెడ్డి చిరునామా ఆంధ్రప్రదేశ్, నిజామాబాదు జిల్లా అని ఉండును. ఆ తరువాత తెలంగాణ, నిజామాబాదు జిల్లా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడిన పిదప తెలంగాణ, కామారెడ్డి జిల్లా. ఊరు మారలేదని, పరిపాలనా విభాగమే మారినదని దరఖాస్తులో ఒక వాక్యము వ్రాసిన సందేహము తీరును.

పరీక్ష

మనదేశపు ఆర్.పి.ఎల్.లో కాగితముల కన్న పరీక్షకే ప్రాధాన్యము. స్వల్పకాలిక పరిచయ శిక్షణ అనంతరము మదింపుదారు ప్రశ్నలడిగి, పని చేయించి చూచును. గోడను సిద్ధము చేయుట, లప్పము, ప్రైమరు, రంగు కలుపుట, కొలతలు, భద్రత ఇందులోని అంశములు.

కొలతలకు ఉదాహరణ: 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గది నాలుగు గోడల వైశాల్యము 440 చదరపు అడుగులు. 7×3 అడుగుల తలుపు, 4×4 అడుగుల కిటికీ తీసివేయగా మిగిలినది 403. రెండు పూతలకు 806 చదరపు అడుగులు. చేతి లెక్కతో రంగు కొనుటకు అలవాటుపడినవారు ఈ పద్ధతిని వ్రాసి చూపుట అభ్యసించవలెను.

భద్రతాంశములలో నిచ్చెన, పరంజా వాడకముతోపాటు సీసము గురించి తెలిసియుండవలెను. 2016 నాటి నియమముల ప్రకారము గృహ రంగులలో సీసము పదిలక్షలకు 90 భాగములకు మించరాదు. ఇవి 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చినవి. అంతకు పూర్వపు రంగును పొడిగా గీకినచో హానికరమైన ధూళి లేచును.

పరిమితులు

ధ్రువపత్రము ఉన్నంత మాత్రమున కూలి పెరుగునని గాని, వీసా వచ్చునని గాని హామీ లేదు. డబ్బు తీసుకొని నకిలీ అనుభవ పత్రములు ఇచ్చు దళారుల వలన, నిజముగా అనుభవము గలవారు కూడా నష్టపోవుదురు. ఒక్క పత్రము అబద్ధమని తేలినచో మిగిలిన నిజమైన పత్రములను కూడా అనుమానింతురు.

ఇవి కూడా చూడండి

* కామారెడ్డి జిల్లా
* ఎల్లారెడ్డి
* గల్ఫ్ వలసలు
* పారిశ్రామిక శిక్షణా సంస్థ