పొత్తిగుడ్డల నుండి కిట్టు దాకా: పసిబిడ్డ సామగ్రి కథ

ఇటీవల కొండాపూర్‌లో నివసించే మా బంధువుల అమ్మాయి, ఆమె భర్త మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఆమెకు ఎనిమిదో నెల. ఫోను తెరచి ఒక జాబితా చూపించారు. బిడ్డ పుట్టేలోగా కొనవలసిన వస్తువులు అక్షరాలా అరవై రెండు! పాలసీసాలు, వాటిని ఆవిరి పట్టే యంత్రం, తల గుండ్రంగా రావడానికి దిండు, నడకబండి, పౌడరు, గ్రైప్ వాటర్... "పెదనాన్నా, వీటిలో ఏవి ఉంచమంటారు, ఏవి తీసేయమంటారు?" అని అడిగిందా అమ్మాయి.

కలం తీసుకొని కొట్టివేయడం ఎంతసేపు? కాని ఒక్కొక్క వస్తువు ఆ జాబితాలోకి ఎక్కడి నుండి, ఎందుకు వచ్చి చేరిందో తెలిస్తే, ఉంచవలసినదేదో తల్లిదండ్రులే తేల్చుకోగలరు. ఆ సాయంత్రం వారికి చెప్పిన సంగతులనే కొంత విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాను.

రెండు మూడు తరాల క్రితం మన తెలుగు ఇళ్లలో పసిబిడ్డ కోసం దుకాణానికి వెళ్లే పని దాదాపు ఉండేది కాదు. సామగ్రి అంతా ఇంట్లోనే పుట్టేది. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలను చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరవేస్తే అవే పొత్తిగుడ్డలు. దూలానికి మరో చీర కడితే ఉయ్యాల. ఒంటికి నూనె, నలుగుకు పిండి, పాలు పట్టడానికి ముక్కు ఉన్న ఉగ్గుగిన్నె. ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెలలో వేసి పేరు పెట్టేవారు. ఆ తొట్టెల మీద మనవారికి ఎంత మమకారమంటే, నేటికీ బోనాల్లో అమ్మవారికి రంగుకాగితాల తొట్టెలను సమర్పించుకుంటున్నాం.

ఈ పాత సామగ్రిలో వైద్యశాస్త్రం తలవంచి అంగీకరించినవి ఉన్నాయి. మెత్తని పాత నూలుగుడ్డ కొత్త గుడ్డకన్న పసిచర్మానికి మేలు. ఉగ్గుగిన్నె సంగతి మరీ విశేషం. నెలలు నిండకుండా పుట్టి, రొమ్ము పట్టి చప్పరించలేని శిశువులకు తల్లిపాలు పట్టడానికి దక్షిణాది ఆసుపత్రులలో ఆ ఆకారపు గిన్నెనే వాడుతున్నారు. సీసా పీకలో మురికి దాగినట్లు గిన్నెలో దాగదు. కడగడం, మరిగించడం తేలిక.

అయితే పాతదంతా బంగారమని చెప్పడానికి నా వృత్తి అంగీకరించదు. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసిన ఇళ్లు ఎన్నో. బిడ్డకు తొలి రక్షణనిచ్చే ఆ పాలను నేలపాలు చేసి, తేనె నాకించేవారు. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదని ఇప్పుడు మనకు తెలుసు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగులలో విషాన్ని పుట్టించి కండరాలను చచ్చుబరచగలదు. ఇంట్లో చేసినదైనా, కొన్నదైనా కంటికి కాటుక వద్దు. కొన్ని కాటుకలలో సీసం ఉంటుంది. అన్నిటికన్న ఘోరమైనది బొడ్డుతాడు సంగతి. చేతికందిన కత్తితోనో కొడవలితోనో కోసి, దానిపై బూడిదో పేడో అద్దేవారు. వారం తిరిగేసరికి బిడ్డ పాలు తాగడం మానివేసి, ఒళ్లు విల్లులా బిగుసుకుపోయి మరణించేది. గాలి సోకిందనేవారు. అది ధనుర్వాతం. గర్భిణికి టీకా, శుభ్రమైన చేతులు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డుకు ఏమీ పూయకపోవడం — ఇంత చిన్న విషయాలతో ఆ వ్యాధిని లొంగదీశాం. తల్లులకూ నవజాత శిశువులకూ సోకే ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలించినట్లు 2015లో ధ్రువీకరణ లభించింది. శిశుసామగ్రి చరిత్రలో అత్యంత విలువైన వస్తువేదంటే నేను ఆ కొత్త బ్లేడునే చూపిస్తాను.

మన నగరంలో శిశువైద్యం కథ కూడా ఒక పురిటి మరణంతోనే ముడిపడి ఉంది. ఒట్టోమాన్ రాజవంశంలో పుట్టి, నిజాం రెండవ కుమారుడు మొఅజ్జమ్ జాను వివాహమాడిన నీలోఫర్‌కు బిడ్డలు లేరు. ఆమె ఇష్టపడే పరిచారిక రఫత్ ప్రసవ సమయంలో తగిన వైద్యం అందక మరణించింది. ఆ దుఃఖం నుండి రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి 1953లో రూపుదిద్దుకున్నది. పరిచారికకు అందని వైద్యం ఆమె పేరు కూడా తెలియని లక్షల తల్లీబిడ్డలకు అందింది. అదే ఆసుపత్రిలో 2017లో తల్లిపాల నిధి కూడా వెలసింది.

ఇంటి సామగ్రి స్థానంలోకి దుకాణం సరుకు ప్రవేశించింది పాలడబ్బాతోనే. 1867 ప్రాంతంలో స్విట్జర్లాండులో హాన్రి నెస్లే పాలు, గోధుమపిండి, చక్కెర కలిపిన శిశు ఆహారాన్ని తయారుచేశాడు. తల్లిలేని బిడ్డలకు అది నిజంగా ఆసరా అయింది. చిక్కు తరువాత వచ్చింది. అమ్మకం పెరగాలంటే తల్లి ఉన్న బిడ్డలకు కూడా డబ్బా కావలసివచ్చింది! 1939లో సింగపూరులో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు రోటరీ క్లబ్బు సభ్యుల ఎదుట 'పాలు - హత్య' అనే శీర్షికతో ప్రసంగించింది. తల్లిపాలకు బదులు డబ్బాపాలను అంటగట్టడం వల్ల చనిపోతున్న శిశువుల మరణాలను హత్యలుగా పరిగణించాలన్నది ఆమె వాదం. వ్యాపారుల సభలో ఆ మాట అనగలిగిన ధైర్యాన్ని తలచుకుంటే నాకు నేటికీ గౌరవం కలుగుతుంది. లోకం దానిని పట్టించుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 1974లో బ్రిటన్‌లోని వార్ ఆన్ వాంట్ సంస్థ ఒక సంచలన పుస్తకం వెలువరించింది, 1977లో బహిష్కరణోద్యమం మొదలైంది, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి వచ్చింది.

మన దేశం 1992లో ఏకంగా చట్టమే చేసి, 2003లో దానిని బిగించింది. ఆ చట్టం ప్రకారం రెండేళ్ల లోపు పిల్లల పాలపొడికి, ఆహారానికి, పాలసీసాలకు ప్రకటనలు నిషిద్ధం. పాలడబ్బాపై బోసినవ్వుల బిడ్డ బొమ్మ గాని, తల్లి బొమ్మ గాని వేయరాదు. ఆసుపత్రులలో ఉచితంగా పంచరాదు. ఈ చట్టం ఉన్నదని చదువుకున్న తల్లిదండ్రులలో సైతం చాలామందికి తెలియదు. ఫోనులోని జాబితాలో మొదటి వస్తువే పాలసీసా కావడం చూసి నాకు ఇదంతా గుర్తుకు వచ్చింది. పాలు నిజంగా చాలని తల్లులు, పాలివ్వరాని వ్యాధులు ఉన్నవారు కొందరుంటారు. వారికి డబ్బాపాలు అవసరమే, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఆ నిర్ణయం వైద్యునితో మాట్లాడి తీసుకోవాలి, ముందే కొనిపెట్టుకున్న సీసాను చూసి కాదు.

దుకాణం తరువాత శిశుసామగ్రి జాబితాను చేతికి తీసుకున్నది ప్రభుత్వం. 1938లో ఫిన్లండు పేద తల్లులకు శిశువస్త్రాలు నింపిన పెట్టెను ఇవ్వడం మొదలుపెట్టి, 1949 నుండి ఆ దేశపు తల్లులందరికీ వర్తింపజేసింది. ఆ అట్టపెట్టెయే ఎందరో బిడ్డలకు తొలి పడక. పెట్టె కోసం తల్లి గర్భం తొలి నెలల్లోనే వైద్యపరీక్షకు రావాలన్న షరతులోనే దాని మర్మమంతా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఎన్టీఆర్ బేబీ కిట్, తెలంగాణలో 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలైనవి. ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించిన తల్లికి పదహారు వస్తువులు, విడతలవారీగా మగబిడ్డ అయితే 12,000, ఆడబిడ్డ అయితే 13,000 రూపాయలు. హైటెక్ సిటీ మేడలు కట్టే కూలీ తల్లులకు కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రిలో అందిన సంచి ఇదే. అందులో పౌడరు, షాంపూ చేర్చడం మాత్రం నాకు నచ్చలేదు. పౌడరు రేణువులు ఊపిరితిత్తులలోకి పోతాయి, నవజాత శిశువు తలకు షాంపూతో పని లేదు. నాకు నచ్చినది దోమతెర.

దోమతెరకు మన ఊరితో ఉన్న బంధం చెప్పకుండా ఉండలేను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. పసిబిడ్డ మీద తెర వేయడానికి శాస్త్రీయ కారణం దొరికిన భవనం సైబర్ టవర్స్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది. మలేరియా తగ్గినా డెంగీ ఉంది కాబట్టి, ఇరవయ్యో అంతస్తులో ఉన్నా తెర కొనుక్కోండి. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది గనుక పగలు నిద్రపోయే బిడ్డకు కూడా వేయాలి. తెర లోపల దిండు, మెత్తని బొమ్మలు, బరువైన దుప్పటి వద్దు. గట్టి పరుపుపై బిడ్డను వెల్లకిల పడుకోబెట్టాలి. 1990లలో పాశ్చాత్య దేశాలు ఈ ఒక్క మాటను ప్రచారం చేయడంతో శిశువుల హఠాన్మరణాలు బాగా తగ్గాయి. తల గుండ్రంగా చేసే దిండును ఆ సాయంత్రమే కొట్టివేశాను.

వెచ్చదనానికి కూడా కొనవలసినది తక్కువే. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే అనే వైద్యుడు తక్కువ బరువు శిశువులను తల్లి గుండెలపై, చర్మానికి చర్మం తగిలేటట్లు కట్టించాడు. కంగారూ సంరక్షణ అని దానికి పేరు వచ్చింది. లేమిలో పుట్టిన ఉపాయం ఇప్పుడు ధనిక దేశాల ఆసుపత్రులలోనూ అనుసరణీయమైంది. తండ్రి ఛాతీ కూడా అంతే వెచ్చన — ఈ మాట అల్లుడిగారిని చూస్తూ చెప్పాను.

గ్రైప్ వాటర్ 19వ శతాబ్దపు ఇంగ్లండు సరుకు. ఒకప్పుడు అందులో మద్యం ఉండేది. ఇప్పుడు లేకపోయినా, ఆరు నెలల వరకు తల్లిపాలు, వైద్యుడు వ్రాసిన డి విటమిన్ చుక్కలు తప్ప నోట్లో మరేదీ పోయవద్దు. నడకబండి నడక నేర్పదు, మెట్ల మీది నుండి దొర్లిస్తుంది. కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. డైపర్లు ప్రయాణంలో సుఖమే. ఇంట్లో పగటిపూట నూలుగుడ్డ చాలు. మా కాలంలో లేనిదీ, ఇప్పుడు తప్పక కొనవలసినదీ ఒకటుంది: కారులో బిడ్డను బిగించే ఆసనం. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో, రక్షణాసనమో తప్పనిసరి చేసింది. ఔటర్ రింగ్ రోడ్డు వేగంలో తల్లి ఒడి బిడ్డను ఆపలేదు.

అలా అరవై రెండు కాస్తా పన్నెండుకు దిగాయి. అప్పుడు అమ్మాయి నెమ్మదిగా, "మరి నేను ఆఫీసుకు వెళ్లాక పాల సంగతి?" అన్నది. అమ్మమ్మ జాబితాలో గాని, దుకాణం జాబితాలో గాని, ప్రభుత్వ కిట్టులో గాని లేనిది అదే: తల్లి చేతిలో సమయం. అమ్మమ్మల కాలంలో ఉమ్మడి కుటుంబం ఆ లోటును కప్పిపుచ్చేది. మాదాపూర్ గుట్టల మధ్య 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి, మన చట్టం తల్లికి ఇచ్చిన సెలవు 12 వారాలే. 1961 నాటి ఆ లెక్క మారడానికి 2017 దాకా ఆగవలసివచ్చింది. ఇప్పుడు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు. అది సుమారు ఆరు నెలలు. బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాతో సరిగ్గా సరిపోతుంది. కాని కాన్పుకు ముందే ఎనిమిది వారాలు వాడుకుంటే మిగిలేవి 18 మాత్రమే. ఆరోగ్యం సహకరించి, వైద్యురాలు సరేనంటే, సెలవును కాన్పు తరువాతికి దాచుకోవడం మంచిదని అమ్మాయికి చెప్పాను.

అదే సవరణ, 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా శిశుసంరక్షణ గది సౌకర్యం కల్పించాలన్నది. తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చు. పాలిచ్చే విరామాలు రెండు, బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు, అంతకు ముందు నుండే చట్టంలో ఉన్నాయి. బిడ్డ ఇంట్లో ఉంటే, పాలు పిండి శుభ్రమైన మూతగిన్నెలో ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచవచ్చు. బయట నాలుగు గంటలే, మన వేసవిలో అంతసేపు కూడా వద్దు. వేడినీళ్ల గిన్నెలో నిలిపి వెచ్చబెట్టాలి, మైక్రోవేవ్‌లో పెట్టరాదు. పట్టడానికి ఉగ్గుగిన్నె ఉండనే ఉంది.

ఆ మేడలను కట్టిన తల్లులకు కూడా ఒక చట్టం వచ్చింది, అదీ ఇంకా ముందే. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలన్నది. అంతకన్న ముందే, 1969లో, ఢిల్లీలో ఇటుకల మధ్య దొర్లుతున్న పసివారిని చూసి చలించిన మీరా మహదేవన్ ఒక గుడారంలో తొలి మొబైల్ క్రెష్‌ను తెరిచారు. నానక్‌రామ్‌గూడ వైపు వెళ్లినప్పుడు, కంచె చాటున సిమెంటు సంచి మీద నిద్రపోతున్న బిడ్డ కనిపిస్తే, ఆ స్థలంలో యాభైకి మించి స్త్రీలున్నారా అని లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది.

జాబితా అడుగున పదమూడో అంశంగా నేనే ఒక ప్రశ్న వ్రాశాను: 'మీ కార్యాలయపు శిశుసంరక్షణ గది ఎక్కడ ఉంది?' అమ్మాయి భర్త వైపు చూసింది. ఇద్దరికీ తెలియదు. సోమవారం అడుగుతామన్నారు.