అంచులకు తరిమిన వేడి

2016. అమెరికాలోని కేంబ్రిడ్జ్. హార్వర్డ్‌లో మార్కస్ గ్రైనర్ ప్రయోగశాల.

గాలి తోడేసిన చిన్న పెట్టెలో లేజర్ కిరణాలు వెలుగుతో గళ్లు కట్టాయి. గడికో లిథియం పరమాణువు. గడికీ గడికీ మధ్య మిల్లీమీటరులో వెయ్యో వంతు దూరం కూడా లేదు.

వీటిలో ప్రతి పరమాణువుకూ స్పిన్ ఉంటుంది, చిన్న అయస్కాంత సూదిలా, పైకో కిందికో. పక్కపక్కవాటి స్పిన్‌లు ఎదురెదురుగా ఉంటే ఒకటి రెండోదాని గడిలోకి క్షణకాలం వెళ్లి రాగలదు. ఒకేలా ఉంటే, ఒకేలాంటివి రెండు ఒకేచోట ఉండకూడదనే పౌలీ నియమం ఆ దారి మూసేస్తుంది. ఆ కాస్త వెసులుబాటుతో శక్తి తగ్గుతుంది కాబట్టి, పైకి, కిందికి, పైకి, కిందికి అంటూ చదరంగం గళ్లలా సర్దుకోవాలని చూస్తాయి. ఇదే యాంటీఫెర్రో అయస్కాంతత్వం. కానీ రవ్వంత వేడి మిగిలినా వరుస చెదిరిపోతుంది.

అందరికీ అక్కడే చిక్కొచ్చింది. ఆ ఏడాదే హార్వర్డ్, ఎంఐటీ, మ్యూనిక్ బృందాలు ఈ అమరికను కళ్లారా చూశాయి. అయితే కొద్ది గళ్లు దాటేసరికి అంతా కలగాపులగం.

గ్రైనర్ ప్రయోగశాలలోని ఆంటన్ మజురెంకో, సహచరులు వేడిని పోగొట్టడం కాదు, పక్కకు నెట్టడం మొదలుపెట్టారు. ప్రొజెక్టర్లలో వాడే సూక్ష్మ అద్దాల చిప్‌తో కాంతిని దిద్ది, మధ్యలో సుమారు 80 గళ్ల వృత్తం కట్టారు. చుట్టూ పరమాణువులు పలచగా తిరిగే జాగా. వేడి వల్ల మధ్యనున్న అస్తవ్యస్తమంతా ఆ పలచటి జాగాలోకి జారిపోయింది. ఈ ప్రయోగం మొత్తంలో నన్ను కట్టిపడేసే ఘట్టం ఇదే. లోపల మిగిలిన వేడి పరమశూన్య ఉష్ణోగ్రతకు పైన డిగ్రీలో కోటో వంతు కూడా లేదు.

ఇక ఫొటో. ఒక లేజర్ తాకిడికి ఒక రకం స్పిన్ ఉన్నవన్నీ ఎగిరిపోతాయి. మిగిలినవి సూక్ష్మదర్శిని కింద చుక్కలై మెరుస్తాయి. గడి విడిచి గడి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా! తీసిన ప్రతి ఫొటోతో ఆ అయస్కాంతం నాశనమవుతుంది, మళ్లీ మొదటినుంచీ కట్టాలి. పైగా అది ఏ దిక్కుకు మొగ్గుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఫొటోకు అందేది పైకి, కిందికి అన్న తేడా ఒక్కటే. అందుకే ఒక ఫొటోలో గళ్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తే, మరోదాంట్లో ఆనవాలే ఉండదు. అన్నిటినీ కలిపి లెక్కగడితేనే నిజం తేలింది.

తర్వాత పరమాణువుల్ని కొన్ని తగ్గించి ఖాళీలు పెట్టారు. సుమారు 15 శాతం ఖాళీల దాకా వరుస నిలిచింది. 1986లో బెడ్నార్జ్, ముల్లర్ కనిపెట్టిన రాగి ఆక్సైడ్ అతివాహకాల్లోనూ ఇలాంటి ఖాళీలే అయస్కాంతత్వాన్ని చెరిపి, నిరోధం లేని విద్యుత్తుకు దారిస్తాయి. ఖాళీలు పెరిగేకొద్దీ ఏం జరుగుతుందో కంప్యూటర్లు గుణించలేక చేతులెత్తేసే చోట, 2017 మే నెలలో ‘నేచర్’ పత్రిక ఆ పరమాణువుల జవాబును అచ్చేసింది.