బళ్లారి రేగడి: పన్ను లెక్కలో ఒకటి, పొలంలో ఒకటి

బళ్లారి నుంచి తూర్పుగా ఆలూరు వైపు సాగితే చూపు ఆనినంత మేర నల్లరేగడి. పడమర సండూరు దారి పడితే నేల ఎర్రబడి, కొండలు లేచి, ఇనుప రాయి తేలుతుంది. దక్షిణాన రాయదుర్గం సీమలో, కణేకల్లు, బొమ్మనహాళ్ దగ్గర, నైరుతి గాలి హగరి నది ఇసుకను ఎత్తి పొలాల మీద దిబ్బలు పోస్తుంది. ఒక్క సీమలోనే ఇన్ని నేలలు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన తరువాత కచేరీ కాగితాల్లో మాత్రం ఈ వైవిధ్యమంతా ఒక నిచ్చెనకు కుదించుకుపోయింది: రేగడి పై మెట్టు, ఎర్రనేల కింది మెట్టు. ఆ నిచ్చెనే తప్పని నా అభిప్రాయం. రేగడి మంచిదా చెడ్డదా అన్నది మట్టి ఒక్కటే చెప్పలేదు. దాని మీద నీరు ఎప్పుడు పడింది, ఎంత పడింది, ఎటు పోయింది అన్నవి కూడా చూడాలి. ఈ సంగతి మరచిన ప్రతిసారీ బళ్లారి నష్టపోయింది.

రైతుకు ఇది కొత్త పాఠం కాదు. బళ్లారి వానచాటు సీమ, ఏడాదికి అయిదు వందల మిల్లీమీటర్లు దాటితే గొప్ప. ఎర్రనేల చిన్న వానకే పదునవుతుంది, అంతే తొందరగా ఆరిపోతుంది. అందుకే అక్కడ ముంగారి (తొలకరి) పైరు, చెరువు, బావి. రేగడి అలా కాదు. తొలకరి జల్లు దాని నెర్రెల్లోకి జారి మాయమవుతుంది. లోతుగా నానితే మాత్రం ఆ తడిని నెలల తరబడి పట్టి ఉంచుతుంది. కనుక అక్కడి సేద్యం ప్రధానంగా హింగారి (వానాకాలం చివరి) వానల మీద నడిచింది: జొన్న, పత్తి, పత్తితో కలిపి కొర్ర. కొర్ర ముందే కోతకొస్తుంది, పత్తి నేలలో దాగిన తడి తాగుతూ చలికాలం దాటుతుంది. ఆ పత్తినే వర్తకులు ‘వెస్టర్న్స్’ అన్న పేరుతో కొన్నారు. లోతుగా వేళ్లు దిగిన గడ్డిని పెకలించడానికి కొన్నేళ్లకోసారి పెద్ద మడకకు ఎద్దుల జతలు వరసగా కట్టి దున్నించేవారు. ఆ ఖర్చు భరించగలిగినవాడికే రేగడి మంచి నేల. ఈ షరతు నేల తరగతుల పట్టికలో కనిపించదు.

నిజాం వదిలిన ఈ దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో 1802లో మొదలుపెట్టించిన సర్వేలో పొలం పొలానికీ కొలత, తరగతి, శిస్తు పడ్డాయి. ఊళ్లవారి మాట విని తరగతులు కట్టారు కనుక ఆ పని అంత గుడ్డిది కాదు. కానీ శిస్తు అనేది ఏటా ఒకే అంకె, రేగడి దిగుబడి ఏటా ఒకే తీరున ఉండదు. 1876-78 కరువులో ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చింది. అప్పటికి అనంతపురం కూడా బళ్లారి జిల్లాలోనే ఉంది. 1871, 1881 జనగణనల మధ్య ఆ జిల్లా జనాభా సుమారు అయిదో వంతు పడిపోయింది. రేగడి కింద బావి తవ్వితే నీరు తరచూ ఉప్పన. వాన తప్పితే ఆదుకునే మరో దారి లేదు. ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే: జనాన్ని చంపింది మట్టి కాదు, శిస్తు, ధాన్యం ధరలు, సర్కారు నిర్లక్ష్యం. మన్రో కూడా 1807లోనే శిస్తును నాలుగో వంతు తగ్గించమని సిఫారసు చేశాడు, కంపెనీ అప్పట్లో వినలేదు. ఒప్పుకుంటాను. అయితే ఆ శిస్తు ఎవరి నెత్తిన ఎంత పడాలో చెప్పింది నేల తరగతే. కరువును నేల తేలేదు సరే, దెబ్బ ఎక్కడ గట్టిగా తగలాలో తేల్చడంలో దానికి పాత్ర లేదనలేం.

మరి నీరు తెస్తే తేడా చెరిగిపోదా? పంతొమ్మిదో శతాబ్దపు ఇంజనీర్లు అలాగే అనుకున్నారు. పొరుగున కర్నూలు-కడప కాలువ తవ్విన మద్రాసు ఇరిగేషన్ కంపెనీకి రేగడి రైతులు మొహం చాటేశారు. మామూలు ఏడాది జొన్న నీళ్లు పెట్టకుండానే పండుతుంటే డబ్బిచ్చి కాలువ నీరెందుకు? చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనాల్సి వచ్చింది. రైతులు ఆ నీరు వద్దనడాన్ని మూర్ఖత్వంగా రాసినవారు ఉన్నారు. నాకు అది లెక్క తెలిసిన పని అనిపిస్తుంది. ఆ తరువాత ప్రభుత్వానికీ అనుమానం పుట్టింది. తుంగభద్ర ఆనకట్ట రాకముందే, 1937లో, రేగడి కాలువ నీటికి తగునా అని పరీక్షించడానికి సిరుగుప్పలో క్షేత్రం పెట్టారు. 1945లో మొదలైన ఆనకట్ట 1953కి నీరు వదిలింది. కరువు సీమ కనుక నీటిని పలచగా, ఎక్కువ ఎకరాలకు పంచాలన్నది పథకం; ఏ పొలంలో వరి, ఏ పొలంలో ఆరుతడి అన్నది ముందే నిర్ణయించారు.

ఆ పథకాన్ని తిరగరాసింది కోస్తా నుంచి వచ్చిన తెలుగు రైతులు. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వచ్చి తుంగభద్ర ఆయకట్టులో చౌకగా భూములు కొని, ‘క్యాంపులు’ కట్టుకుని, చదును చేసి వరి నాటారు. రేగడి మీద పాత రైతు భయం వట్టిదని వీళ్లు రుజువు చేశారు కదా అంటారు. దిగుబడి వరకు నిజమే. కానీ నీటిని వదలని మట్టి మీద నిత్యం నీరు నిలిపితే, పల్లపు చోట్ల అడుగు ఉప్పు పైకి తేలి చౌడవుతుంది. ఆయకట్టులో ఆ చౌడు కనిపిస్తూనే ఉంది. ఇక కాలువ మొదట్లో వరి తాగిన నీరు చివరి భూములకు చేరదు.

సరిహద్దు కథ ఇక్కడే బిగుసుకుంటుంది. 1953లో భాషను బట్టి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. బళ్లారి తాలూకా మిశ్రా కమిషన్ విచారణ తరువాత మైసూరుకు పోయింది. గీత ఒకే రేగడిని రెండు ముక్కలు చేసింది, తుంగభద్ర దిగువ కాలువ ఆ గీతను దాటి పారుతుంది. ముందు హోస్పేట, బళ్లారి, సిరుగుప్ప. ఆ తరువాతే ఆదోని, ఎమ్మిగనూరు. ఒకే మట్టి గీతకు అటు వరి మడి, ఇటు తడి కోసం ఎదురుచూసే చేను. వాటా టీఎంసీల మీద రెండు రాష్ట్రాలూ ఏటా వాదించుకుంటాయి. ఈ మట్టికి ఎన్ని తడులు చాలు, ఎక్కడ నీరు బయటికి పోవాలి అన్న సిరుగుప్ప నాటి ప్రశ్న ఆ వాదనల్లోకి వచ్చేది అరుదు.