పోతయినుపకుండ

మేము పాఠశాలలో ఇంగ్లండు దేశపు పారిశ్రామిక విప్లవమును బోధించునపుడు సెవర్న్ నదిపై 1779వ సంవత్సరమున నిలిపిన యినుపవంతెనతో నారంభించుట చిరకాలపు వాడుక. దాని పటమును జూచి బాలబాలికలు విస్మయ మందుదురు. దానిని బోతపోయించిన వా డెవ్వడని యడిగినచో మూడవ అబ్రహాం డార్బీ యని వెంటనే చెప్పుదురు. ఆ వంశమువారి పోతవిద్య మొట్టమొదట నే వస్తువు కొఱకు బుట్టినదని యడిగినచో నొక్కరును బలుకరు. వారి తప్పు లేదు, మేము చెప్పియుండలేదు. అది వంటకుండ కొఱకు బుట్టినది.

ఈతని తాతయు అబ్రహాం డార్బీయే. ఆయన బ్రిస్టలు నగరమున నిత్తడి పని చేయుచుండెను. ఇత్తడిపాత్రలు కలవారి యిండ్లకే గాని పేదల పొయ్యిమీదికి వచ్చునవి కావు. ఇనుపకుండలను మట్టి యచ్చులలో బోతపోయుట ప్రయాసముతోను వ్యయముతోను గూడిన పని. కావున నాయన కేవల మిసుక యచ్చులలో బొజ్జకుండలను బోతపోయు మార్గమును సాధించి 1707లో పేటెంటు హక్కును బడసెను. జాన్ థామస్ అను పనివాడు తోడ్పడెను. ఆ రహస్యము నితరులకు వెల్లడింపకుండునట్లు వారిరువురి నడుమ నొడంబడిక జరిగెను. పిమ్మట 1709లో కోల్‌బ్రూక్‌డేలు కొలిమియందు, కట్టెబొగ్గునకు మారుగా రాక్షసిబొగ్గునుండి తీసిన కోకుతో డార్బీ యినుమును గరగించెను.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. కోకుతో దీసిన యినుములో సిలికాను పాలు హెచ్చు. అది చక్కగా బాఱి, యచ్చులోని ప్రతిమూలకును బోవును. పలుచని కుండలకు మిక్కిలి యనుకూలము. కాని సమ్మెటతో సాగగొట్టు కడ్డీలకు బనికిరాదని కమ్మరులు దాదా పేబదియేండ్లు దానిని ఆదరింపరైరి. అంతకాలమును ఆ కొలిమిని నిలువబెట్టినవి ముఖ్యముగా కుండలవంటి పోతసామానులే. 1720 దశకమున ఆవిరియంత్రముల గొట్టములును, తరువాత వంతెనయు నా విద్యనుండియే వెలువడెను. కొనువారు కుండలను గొనకున్నచో కొలిమి యాఱియుండెడిది.

పోతయినుము డార్బీతో బుట్టలేదు. చీనాదేశీయులు క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దినాటికే దాని నెఱుగుదురు. శుద్ధమైన యినుము కరగుటకు 1538 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. నూటికి రెండు మొదలు నాలుగు పాళ్లవఱకు కర్బనము చేరినచో 1200 డిగ్రీలకు లోపలనే కరగ నారంభించును. మన దేశపు పాతకొలుములలో నినుము కరగి ప్రవహింపక ముద్దగా వచ్చెడిది. కమ్మరి దానిని గొట్టి పెనమును మూకుడును జేసెడివాడు. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రమున మూసలలో నుక్కును జేసిన నిపుణులుండిరి. అయినను పోతయినుము మన ప్రాంతములలో విరివిగా వ్యాపించినది పందొమ్మిదవ శతాబ్దమునుండియే.

కాని కార్ఖానాలో కుండ సగమే తయారగును. తక్కిన సగము వంటయింటిలో జరుగును. కొనునపుడు వ్రేలిమడతతో మీటి చూడవలెను. గంటవలె మ్రోగినచో మంచిది, బొంగురుగా బలికినచో నెచ్చటనో బీట యున్నదన్నమాట. ఇంటికి దెచ్చిన పెనమును మా తల్లిగారు కొన్నిదినములు గంజిలో నానవేసి తోమి, తడి యాఱగనే పలుచగా నూనె పూసి పొగవచ్చువఱకు గాచుచుండిరి. ఉల్లిపాయను సగముగా గోసి నూనెలో ముంచి రుద్దుదురు. ఇట్లు పెక్కుమారులు చేయగా నూనె వేడికి గట్టిపడి యినుము నంటిన నల్లని పొరయగును. త్రుప్పు పట్టదు, అట్టు అంటదు. క్రొత్తపెనము మీది మొదటి రెండుమూడట్లు చిరిగిపోవుట సహజము. కాగినపెనముపై చన్నీళ్లు గ్రుమ్మరించిన బగులును. పులుసు కాచిన పొర పోవును. ఈ విద్యకు పేటెంటు లేదు, ఒడంబడిక లేదు. తల్లి కూతురికిని, అత్త కోడలికిని నోటిమాటగానే యిచ్చిరి. అందువలననే కాబోలు దానిని మనము విద్యగా నెంచలేదు.

మేమును నెంచలేదు. ఇరువదియేండ్ల క్రిందట మా యింటి పాతపెనమును, నల్లగానున్నదని, తూనికకు అమ్మివైచితిమి. మా తల్లిగారు అడ్డుపడలేదు. “అది మసి కాదు నాయనా, నలభై యేండ్ల నూనె” అని మాత్ర మనిరి. మేము తెల్లగా మెఱయు అల్యూమినియపు పెనమును దెచ్చి నాగరికులమైతి మనుకొంటిమి.

మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1898 ప్రాంతమున అల్యూమినియపు పాత్రల పరిశ్రమను నెలకొల్పెను. ఆ లోహము తేలిక, త్వరగా గాగును. దానిని నిందింప బనిలేదు. అయినను మనము పోగొట్టుకొన్నది కొంత కలదు. పాండురోగమునకు మండూరమును, లోహభస్మమును వాడుట మన వైద్యులకు పూర్వాచారము. 1999లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో వెలువడిన ఇథియోపియా పరిశోధనలో, ఇనుపకుండలలో వండిన యాహారమును ఏడాది తిన్న పసివారి రక్తబలము, అల్యూమినియపు కుండలలో వండినది తిన్నవారి కంటె హెచ్చుగా వృద్ధిచెందినట్లు కనబడెను. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేనుబట్టి ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను స్త్రీలలో సగమునకు మించి రక్తహీనులు. ఇనుపపెన మొక్కటే యీ లోపమును దీర్పజాలదు; కడుపునిండ మంచి తిండియు, వలసినపుడు మందును గావలెను. కాని అందఱకు వడ్డించి కడపట మిగిలినది తిను తల్లికి, ఆ మిగిలినదానిలోనైన నించుక యినుము చేరుట స్వల్పవిషయమా?

ఈ యేడు మేము సంతలో క్రొత్తపెనమును గొంటిమి. తరగతిలో వంతెన పటమునకు ముందుగా దానిని బల్లమీద నుంచితిమి. వెనుకబల్లనుండి యొక బాలిక లేచి, “దీన్నెలా కాచాలో మా అమ్మకు తెలుసునండీ” యనెను. తల్లి నడిగి వ్రాసికొని రమ్మని యా బాలికతోపాటు బాలురకును జెప్పితిమి. ఆ దినపు చరిత్రపాఠ మదియే.