రాయని 'ది'

స్కూల్లో ఇంగ్లీషు పరీక్ష అంటే నాకు ఆర్టికల్సే గుర్తొస్తాయి. ఖాళీలు పూరించాలి: ఎ, యాన్, ది. తోచింది రాసేసి, సగం మార్కులు పోగొట్టుకుని, "ఒక్క 'ది' లేకపోతే ఏం కొంప మునిగిపోతుంది?" అని విసుక్కునేవాణ్ణి. ఏం మునుగుతుందో చాలా ఏళ్ల తర్వాత, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 242వ తీర్మానం చదివినప్పుడు తెలిసింది.

1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధం జరిగింది. సినాయ్, గాజా, వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గోలన్ హైట్స్ ఇజ్రాయెల్ చేతికొచ్చాయి. నవంబర్ 22న భద్రతామండలి ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ముసాయిదా బ్రిటన్ ప్రతినిధి లార్డ్ కారడాన్ ప్రవేశపెట్టింది. ఇటీవలి యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలని అందులో ఉంది. ఇంగ్లీషు పాఠంలో 'టెరిటరీస్' ముందు 'ది' లేదు.

అది పొరపాటున జారిపోయిందేమీ కాదు. 'ది' గానీ, 'అన్ని' గానీ చేర్చమని ఎంత ఒత్తిడి వచ్చినా ముసాయిదా రాసినవాళ్లు ఒప్పుకోలేదు.

'ది' లేదు కాబట్టి అన్ని భూభాగాలూ వదలాలని కాదు, ఎంతవరకన్నది చర్చల్లో తేల్చుకోవాలి అంది ఇజ్రాయెల్. యుద్ధం చేసి భూమి సంపాదించుకోవడం చెల్లదని పీఠికలోనే రాశారు కదా, అంతా ఖాళీ చెయ్యాల్సిందే అన్నాయి అరబ్ దేశాలు. ఫ్రెంచి పాఠాన్నీ చూపించాయి. అందులో భూభాగాల ముందు 'దే' అని ఉంది. 'నుంచి' అనే అర్థమున్న 'ద', 'ది'కి సాటి అయిన 'లే' కలిస్తే వచ్చే మాట అది.

నేను దీన్ని తెలుగులో పెట్టి చూశాను. "ఆక్రమించిన భూభాగాల నుంచి" అంటే అన్నీనా, కొన్నా? మన వాక్యం చెప్పదు. 'ఆ' పెడితే ఒకరి పక్షం, 'కొన్ని' పెడితే ఇంకొకరి పక్షం. ఆ రోజు ఓటేసిన సోవియట్ యూనియన్ వాళ్ల రష్యన్‌లోనూ ఆర్టికల్స్ లేవు. నిజానికి ఇంగ్లీషు 'ది' కూడా ఒకప్పుడు మన 'ఆ' లాంటిదే, వేలు పెట్టి చూపించే మాట.

మా పరీక్షలో ఖాళీ వదిలేస్తే సున్నా. అక్కడ ఖాళీ వదిలారు కాబట్టే 15 చేతులూ లేచాయేమో అనిపిస్తుంది. ఆ ఖాళీలో ఏం రాయాలన్న తగువు మాత్రం ఇంకా తెగలేదు.